ఆముదంలో రవ్వ

ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరంలో ఉండగా మా ఫిజిక్స్ లెక్చరరు గారు ఒకనాడు ప్రయోగశాలకు ఒక స్టీలు డబ్బా, ఒక సీసా పట్టుకుని వచ్చారు. డబ్బాలో బొంబాయిరవ్వ, సీసాలో ఆముదం. వెనక బెంచీల వాళ్ళకు సహజంగానే ఉప్మా మీద హాస్యాలు తోచాయి. ఆయన అవేవీ పట్టించుకోకుండా గాజుపళ్ళెంలో ఆముదం పోసి, దాని మీద రవ్వ పలచగా చల్లి, రెండు తీగల కొనలను అందులో ముంచారు. తీగల రెండో కొనలు అలమారులో దుమ్ము పట్టి ఉన్న విమ్‌షర్స్ట్ యంత్రానికి తగిలించి, ముందు బెంచీలోంచి ఒకణ్ణి పిలిచి పిడి తిప్పమన్నారు.

వాడు తిప్పాడు. మొదట ఏమీ జరగలేదు. ఆ తరువాత, ఎక్కడివక్కడ పడి ఉన్న రవ్వగింజలు మెల్లగా ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలాయి. ఒక్కొక్కటే తిరిగి, ఒకదాని వెనక ఒకటి చేరి, ఈ తీగ నుంచి ఆ తీగ దాకా విల్లులా వంగిన గీతలు కట్టాయి. పుస్తకంలో విద్యుత్ క్షేత్రరేఖలంటూ వేసిన బొమ్మ ఆముదంలో కళ్ళ ముందు తయారైంది. ఉప్మా హాస్యాలు ఆగిపోయాయి.

"ఇంతకీ రవ్వకు విద్యుదావేశం ఎవరిచ్చారు?" అని అడిగారాయన. తీగ ఇచ్చిందన్నారు కొందరు. "గింజ తీగను తాకనే లేదు గదా, నడిమధ్యలో ఉన్నది కూడా తిరిగింది గదా" అన్నారు. ఇంకెవరమూ నోరు మెదపలేదు. ఇంతలో గంట కొట్టారు. ఆయన పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న పాఠ్యప్రణాళికలో లేదు కాబట్టి మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నాకు మాత్రం అది పుష్కరకాలం తరువాత మళ్ళీ ఎదురైంది. ఈసారి రవ్వకు బదులు కార్బన్ నానోనాళికలు, ఆముదానికి బదులు సబ్బునీళ్ళు. ఆ కథే ఈ టపా. ఇందులో కొంత శాస్త్రం, అంతకంటే ఎక్కువగా నేను చేసిన ఒక తప్పు ఉన్నాయి. పాత నోటుపుస్తకం ఒకటి ఈమధ్య ఇల్లు సర్దుతుండగా దొరకడంతో వ్రాయక తప్పలేదు.

*

ముందు పేరు సంగతి. ట్యూబ్ అంటే గొట్టం. 'నానోగొట్టం' అని వ్రాస్తే అర్థం సరిగ్గానే ఉంటుంది గానీ, మన భాషలో గొట్టానికి ఉన్న పరువు మీకు తెలిసిందే. "నువ్వేం చేస్తున్నావురా?" అని ఊళ్ళో పెద్దలు అడిగితే "గొట్టాల మీద పరిశోధన చేస్తున్నానండీ" అని చెప్పి ఒకసారి చేతులు కాల్చుకున్నాను. అందుకని నాళిక అంటాను.

కార్బన్ అణువులు షడ్భుజాలుగా అల్లుకుని ఏర్పడ్డ పలుచని రేకు ఒకటి ఊహించుకోండి. దాన్ని చాపలా చుడితే ఏర్పడేదే ఈ నాళిక. ఒంటిపొర నాళిక అడ్డకొలత సుమారు ఒక నానోమీటరు. మన తలవెంట్రుక మందం 70, 80 వేల నానోమీటర్లు ఉంటుంది. పొడవు మాత్రం మందానికి వెయ్యిరెట్లు ఉండవచ్చు, ఇంకా ఎక్కువా ఉండవచ్చు. జపానులో సుమియో ఇజిమా 1991లో బహుపొరల నాళికలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి ప్రకటించిన తరువాత ప్రపంచమంతా వీటి వెంట పడింది. అంతకుముందే, 1952లో, రదుష్కేవిచ్, లుక్యానొవిచ్ అనే ఇద్దరు సోవియట్ శాస్త్రజ్ఞులు ఇటువంటి బోలు కార్బన్ తంతువుల బొమ్మలు అచ్చువేశారు. అవి రష్యను పత్రికలో ఉండిపోయాయి. ఒంటిపొర నాళికలు 1993లో వచ్చాయి. 1998లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లోనూ, అమెరికాలో ఐ.బి.ఎం.లోనూ ఒక్క నాళికతో ట్రాన్సిస్టరు చేసి చూపించారు.

చాపను ఏ కోణంలో చుట్టామన్నదాన్ని బట్టి నాళిక స్వభావం మారిపోతుంది. ఒక కోణంలో చుడితే రాగితీగలా ఎప్పుడూ కరెంటు పారించే లోహం, ఇంకో కోణంలో చుడితే సిలికాన్‌లాంటి అర్ధవాహకం. ఏ కోణమూ ప్రత్యేకం కాదనుకుంటే మూడింట ఒకవంతు లోహాలు, రెండువంతులు అర్ధవాహకాలు పుడతాయి. రెండూ కలిసే పుడతాయి, చూస్తే తేడా తెలియదు. ట్రాన్సిస్టరుకు కావలసింది రెండో రకం. ఎందుకంటే ట్రాన్సిస్టరు పనల్లా కరెంటును ఆపమన్నప్పుడు ఆపడం. లోహానికి ఆపడం చేతకాదు.

సరే, నాళిక ఉంది. దాన్ని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య, సరిగ్గా మనకు కావలసిన చోట ఎలా పెట్టడం? 2000 దశకం మొదట్లో అందరినీ పీడించిన ప్రశ్న ఇదే. చిమటాతో పట్టుకోవడం కుదరదు. పలక మీద చల్లి, సూక్ష్మదర్శినిలో వెతికి, ఎక్కడ పడిందో చూసుకుని దాని చివరల మీద ఎలక్ట్రోడ్లు వేయవచ్చు. పది చేయడానికి పనికొస్తుంది, పదివేలకు పనికిరాదు. లేదా ఎలక్ట్రోడ్ల దగ్గరే ఉత్ప్రేరకం ఉంచి అక్కడే నాళికను పెంచవచ్చు. కానీ ఆ పెంపకానికి 800, 900 డిగ్రీల వేడి కావాలి. పలక మీదున్న మిగతా సామగ్రి ఆ వేడికి బతకదు. మూడో దారి, నాళిక తనంతట తానే వచ్చి కూర్చునేట్టు చేయడం. అక్కడే మా లెక్చరరు గారి రవ్వ గుర్తుకొచ్చింది.

*

ఇప్పుడు ఆయన ప్రశ్నకు జవాబు. రవ్వకు ఆవేశం ఎవరూ ఇవ్వలేదు. గింజలో ధన, ఋణ ఆవేశాలు సమానంగా ముందునుంచీ ఉన్నాయి. క్షేత్రం వాటిని చెరొక పక్కకు కొద్దిగా జరిపింది, అంతే. గింజకు ఒక కొస ధనం, ఒక కొస ఋణం అయింది. దీన్నే ధ్రువణం అంటారు. అలా రెండు కొసలు ఏర్పడ్డ గింజ క్షేత్రం వెంట తిరుగుతుంది, పక్క గింజ వ్యతిరేకపు కొసను అంటుకుంటుంది.

తిరగడం వేరు, ప్రయాణం చేయడం వేరు. క్షేత్రం అన్నిచోట్లా ఒకే బలంతో ఉంటే ధనకొసను ఎంత లాగుతుందో ఋణకొసను అటువైపు అంతే లాగుతుంది. గింజ తిరిగి నిలబడుతుంది గానీ కదలి ఎక్కడికీ పోదు. క్షేత్రం ఒకచోట బలంగా, ఒకచోట బలహీనంగా ఉంటే లెక్క తప్పుతుంది. బలమైన వైపున్న కొస మీద లాగుడు కాస్త ఎక్కువ, రెండో కొస మీద కాస్త తక్కువ. ఆ తేడాయే వస్తువును బలమైన క్షేత్రం వైపుకు నడిపిస్తుంది. తల దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను లాగడం మనందరం చిన్నప్పుడు చేసిన పనే. ఆ ముక్కలకు ఆవేశం లేదు. దువ్వెన దగ్గర క్షేత్రం బలంగా, దూరంగా పోయేకొద్దీ బలహీనంగా ఉండటం వల్లే అవి ఎగిరి అంటుకుంటాయి.

హెర్బర్ట్ పోల్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు 1951లో, ద్రవంలో తేలియాడే కణాలు ఇటువంటి అసమక్షేత్రంలో ఎలా కదులుతాయో, ఎలా పేరుకుంటాయో వివరిస్తూ ఒక వ్యాసం వ్రాసి, ఈ చలనానికి డైఎలక్ట్రోఫోరెసిస్ అని పేరు పెట్టాడు. 1966లో ఆయనే మరొకరితో కలిసి బతికున్న ఈస్టు కణాలను, చచ్చిన కణాలను ఇదే పద్ధతిలో వేరుచేసి చూపించాడు.

ఈ బలానికి ఒక సుగుణం ఉంది. క్షేత్రపు దిశను తిప్పేస్తే వస్తువులో ధ్రువణం కూడా తిరిగిపోతుంది. కొసలు రెండూ తారుమారైనా లాగే దిశ మాత్రం మారదు. కాబట్టి సెకనుకు కోటిసార్లు దిశ మార్చే ఏకాంతర విద్యుత్తు పెట్టినా నాళిక ఎలక్ట్రోడ్ల వైపుకే నడుస్తుంది. నీటిలో నిజంగా ఆవేశం ఉన్న అయాన్లు మాత్రం ఇటూ అటూ ఊగి ఉన్నచోటే ఉంటాయి.

ఇంకో సంగతి. వస్తువుకు మాత్రమే ధ్రువణం ఉండి, చుట్టూ ఉన్న ద్రవానికి ఉండదని కాదు. ద్రవమూ బలమైన క్షేత్రంలోకి చేరాలనే చూస్తుంది. ఎవరిలో ధ్రువణం ఎక్కువైతే వాళ్ళకే చోటు. నీరు ఈ విషయంలో సామాన్యురాలు కాదు. అత్యధిక పౌనఃపున్యంలో అర్ధవాహక నాళికల ధ్రువణం నీటితో పోటీకి నిలవదు, లోహనాళికలది అలవోకగా నెగ్గుతుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో రాల్ఫ్ క్రుప్కె బృందం 2003లో 'సైన్స్' పత్రికలో చూపించింది ఇదే. 10 మెగాహెర్ట్జ్ క్షేత్రంలో లోహనాళికలు వచ్చి ఎలక్ట్రోడ్ల మధ్య చేరాయి, అర్ధవాహకాలు ద్రవంలోనే మిగిలిపోయాయి.

ఈ వ్యాసం నేను చదివాను. చదివి, గుర్తులు పెట్టి, దస్త్రంలో పెట్టుకున్నాను. అయినా నాకు కావలసిన దాన్ని మాత్రమే అందులోంచి తీసుకున్నాను. మిగతా కథంతా అందువల్ల వచ్చినదే.

*

2005లో మొదలుపెట్టాను. సిలికాన్ పలక మీద ఆక్సైడు పొర, ఆ పొర మీద ఎలక్ట్రాన్ పుంజంతో గీసి వేసిన బంగారు ఎలక్ట్రోడ్ల జంటలు. ఒక్కొక్క జంట మధ్య ఎడం ఒక మైక్రాను. ఆ ఎడానికి ఐదు వోల్టులు పెడితే క్షేత్రం సెంటీమీటరుకు 50 వేల వోల్టులవుతుంది. పొడిగాలిలో నిప్పురవ్వ లేవడానికి సెంటీమీటరుకు 30 వేలు చాలు. మూడు టార్చిలైటు బ్యాటరీలు ఇచ్చేపాటి వోల్టేజితో మెరుపును మించిన క్షేత్రం పుడుతుందంటే అంతా ఎడం చిన్నది కావడం వల్లే. మా లెక్చరరు గారికి ఆ పెద్ద యంత్రం ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆయన తీగల మధ్య ఎడం నాలుగు వేళ్ళ వెడల్పు ఉండేది.

నాళికలు నల్లటి పొడిగా వస్తాయి. నీటిలో వేస్తే కలవవు, ముద్దగా తేలతాయి. సబ్బులాంటి పదార్థం కలిపి, అతిధ్వని తరంగాలతో గంటల తరబడి కుదిపితే బూడిదరంగు నీళ్ళవుతాయి. కుదుపు తక్కువైతే నాళికలు కట్టలు కట్టలుగా ఉండిపోతాయి, ఎక్కువైతే ముక్కలైపోతాయి. తరువాత అపకేంద్రయంత్రంలో తిప్పి, అడుగున చేరిన మడ్డి వదిలేసి, పైతేట తీసుకోవాలి. ఆ తేటను బాగా పలచన చేసి, పిపెట్‌తో ఒక్క చుక్క ఎలక్ట్రోడ్ల మీద వేసి, క్షేత్రం పెట్టి, నిమిషమో రెండు నిమిషాలో ఆగి, నీటితో కడిగి, నత్రజనితో ఆరబెట్టాలి. చెప్పడానికి ఇంతే.

మొదట అతితెలివితో ఏకముఖ విద్యుత్తు పెట్టాను. చుక్కలో బుడగలు లేచాయి. నీరు విడిపోతోంది! ఎలక్ట్రోడ్ల అంచులు తినేసినట్టు పోయాయి. రెండోసారి ఏకాంతర విద్యుత్తే గానీ కొన్ని వేల హెర్ట్జ్‌ల దగ్గర పెట్టాను. ఈసారి బుడగలు లేవు, కానీ ద్రవమే ఎలక్ట్రోడ్ల అంచుల దగ్గర సుడులు తిరగడం మొదలుపెట్టింది. నాళికలు ఆ సుడుల్లో కొట్టుకుపోయి ఎలక్ట్రోడ్ల నెత్తిన చెత్తకుప్పలా పడ్డాయి. మెగాహెర్ట్జ్‌లలోకి వెళ్ళాక సుడులు తగ్గాయి. అప్పుడు ఇంకో ఇబ్బంది. కడిగేటప్పుడు క్షేత్రం ముందే ఆపేస్తే వచ్చిన నాళికలు నీటితో పాటు పోయేవి. ఆపకుండా కడగాలని తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఈ సంగతి ఏ వ్యాసంలోనూ కనబడలేదు గానీ, ఈ పని చేసే ప్రతివాడికీ తెలిసి ఉంటుందని తరువాత అర్థమైంది.

2006 వర్షాకాలంలో ఒక సాయంత్రం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తెర మీద ఆ బొమ్మ వచ్చింది. రెండు తెల్లటి బంగారు మొనలు, మధ్యలో నల్లటి ఎడం, ఆ ఎడానికి అడ్డంగా ఒక సన్నని, నిటారైన, తెల్లని గీత. అటూ ఇటూ మరేమీ లేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ గదిలో ఇంకెవరూ లేరు. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

*

మరునాడు ఆ పరికరాన్ని కొలిచాను. కింద ఉన్న సిలికాన్‌కు వోల్టేజి పెట్టి మారుస్తుంటే నాళికలో పారే కరెంటు సగానికి తగ్గింది. నాకది చాలు. "ఒంటి నానోనాళికా ట్రాన్సిస్టరు" అనే మాటలతో ఒక సదస్సుకు సంగ్రహం వ్రాసి పంపాను. పంపించే ముందు మా గైడు గారికి చూపించాను. ఆయన ఊళ్ళో లేరు, ప్రయాణంలో ఉన్నారు. చదివే ఉంటారు, సరేనన్నారు. నా ఫెలోషిప్ ఏడు నెలల్లో ముగుస్తుంది. ఆ బొమ్మ ఉంటే తరువాతి ఉద్యోగానికి దారి దొరుకుతుందని నా లెక్క.

ఆయన తిరిగొచ్చాక వారపు సమావేశంలో బొమ్మ తెర మీద వేశాను. అందరూ బాగుందన్నారు. ఆయన కూడా బాగుందన్నారు. కాసేపు చూసి, "ఎన్ని జంటలు చూశావు?" అని అడిగారు.

"చాలా చూశాను సార్."

"చాలా అనేది అంకె కాదోయ్."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నా దగ్గర అంకె లేదు. పలక మీద 72 జంటలున్నాయి. నేను బొమ్మ దొరికేదాకా చూసి, దొరకగానే ఆపేశాను. మిగతావి చూడలేదు. చూసినవాటిలో చెడిపోయినవాటిని నోటుపుస్తకంలో వ్రాయలేదు. "అన్నీ లెక్కపెట్టు. ఎత్తు కూడా కొలువు" అని ఆయన ఫైలు మూసేశారు.

ఎత్తు ఎందుకన్నారో నాకు తెలుసు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నాళిక అసలు మందానికి ఎన్నోరెట్లు లావుగా కనిపిస్తుంది. ఒక్క నాళికైనా, ఇరవై నాళికల కట్టైనా దాదాపు ఒకే రకం తెల్లగీత. అసలు మందం తెలియాలంటే ఎ.ఎఫ్.ఎం. సూదితో తడిమి ఎత్తు కొలవాలి. ఒకటి, ఒకటిన్నర నానోమీటరు వస్తే ఒంటి నాళిక. అంతకు మించితే కట్ట. ఆ పరికరం మా అంతస్తులోనే, నా గదికి నాలుగు గదుల అవతలే ఉండేది. బొమ్మ వచ్చిన మరునాడే కొలిచి ఉండవచ్చు. కొలవలేదు. తీరిక లేకనని అప్పుడు చెప్పుకున్నాను. కొలిస్తే ఏమొస్తుందో లోపల ఎక్కడో తెలిసే కొలవలేదని ఇప్పుడు అనుకుంటాను.

మూడు వారాలు పట్టింది. నోటుపుస్తకంలో ఆ పట్టిక ఇప్పుడు నా ముందుంది. 72 జంటల్లో ఏమీ రానివి 17. చెత్త పోగైనవి 24. శుభ్రంగా వారధి కట్టినవి 31. ఆ 31లో కట్టలు 26, ఒంటి నాళికలు 5. సిలికాన్ వోల్టేజికి ఏ మాత్రం స్పందించనివి 28. స్పందించినవి మూడు, ఆ మూడూ కట్టలే. వాటిలో కూడా కరెంటు సగానికి తగ్గిందే గానీ ఆగలేదు. నేను నిలబడి చూసిన ఆ బొమ్మలోని గీత ఎత్తు ఆరు నానోమీటర్లు.

అంటే అది ఒంటిది కాదు. కరెంటును లక్ష రెట్లు తగ్గించగలిగితే ట్రాన్సిస్టరు అనాలి, సగానికి తగ్గించేదాన్ని అనకూడదు. కాబట్టి అది ట్రాన్సిస్టరు కూడా కాదు. నేను పంపిన పేరులో మూడు మాటలుంటే అందులో నిజం 'నానోనాళికా' ఒక్కటే.

పట్టిక పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. ఆయన చాలాసేపు చూశారు. "సంగ్రహం వెనక్కి తీసుకో" అన్నారు.

"సార్, ఫెలోషిప్ ఇంకా ఆరు నెలలే ఉంది."

"తెలుసు."

ఇంకేమీ అనలేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. ఆ రాత్రి గదిలో కూర్చుని వెనక్కి తీసుకోకుండా ఉండటానికి ఎన్ని కారణాలున్నాయో వెతికాను. చాలా ఉన్నాయి. సదస్సు సంగ్రహాలను ఎవరూ నిలదీయరు. ఎత్తు కొలిచిన సంగతి ఆయనకూ నాకూ తప్ప తెలియదు. 'ఒంటి' అన్నచోట 'సన్నని' అని పెడితే అబద్ధం కాదు. ఈ చివరి కారణం దగ్గర నాకే సిగ్గు వేసింది. తెల్లవారుజామున నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాసి పంపేశాను. వాళ్ళు ఒక వాక్యంలో జవాబిచ్చారు. ఉద్యోగానికి దారి అనుకున్నది అక్కడితో మూసుకుపోయింది. ఏడాదికి పైగా జీతం లేకుండా, స్నేహితుల దగ్గర బదుళ్ళు తీసుకుని పని చేశాను.

*

కొద్దిరోజులకు ఆయనే పిలిచారు. పట్టిక మళ్ళీ తీయించి, "ఒంటివి ఐదున్నాయి గదా, అవేమిటి?" అన్నారు.

"ఐదూ లోహాలే సార్. పనికిరావు."

"మూడింట ఒకటే గదా లోహం కావలసింది. ఐదుకు ఐదూ లోహాలైతే?"

అక్కడే లెక్కవేశాను. ఒకటి లోహం కావడానికి మూడింట ఒకవంతు అవకాశం. వరుసగా ఐదూ లోహాలు కావాలంటే 243లో ఒకవంతు. యాదృచ్ఛికంగా జరిగిందనుకోవడానికి కాస్త కష్టమైన అంకె. క్షేత్రం ఎంచుకుంటోంది. మూడేళ్ళ నాడు కార్ల్స్‌రూహె వాళ్ళు చెప్పినదే నా పలక మీద కూడా జరిగింది. నేను గుర్తులు పెట్టుకున్న వ్యాసంలో, గుర్తు పెట్టని వాక్యంలో ఉన్నదే జరిగింది. నాకు ట్రాన్సిస్టర్లు కావాలి కాబట్టి లోహాలను 'విఫలం' అనే గడిలో వేసి పక్కకు నెట్టాను. ఆ గడిలోనే ఫలితం ఉంది.

కట్టల సంగతీ అప్పుడే తేటపడింది. కట్టలో ఒక్క లోహనాళిక ఉన్నా చాలు, అది తనతో పాటు అర్ధవాహకాలనూ లాక్కొస్తుంది. వోల్టేజి పెడితే అర్ధవాహకాలు ఆగుతాయి, లోహం ఆగదు. అందుకే సగానికి తగ్గింది. అసలు తప్పు క్షేత్రంలో లేదు, నా బూడిదరంగు నీళ్ళలో ఉంది. మామూలు అపకేంద్రయంత్రం చాలదు, కట్టలు అడుగుకు చేరాలంటే అంతకు ఎన్నోరెట్లు వేగంగా తిప్పాలి.

సిద్ధాంతగ్రంథంలో ఆ అధ్యాయానికి ఏవి వచ్చాయి, ఏవి రాలేదు అన్న ధోరణిలో పేరు పెట్టుకున్నాను. బయటి పరీక్షకులు మౌఖికపరీక్షలో ఎక్కువసేపు అడిగింది ఆ పట్టిక గురించే. బొమ్మ గురించి ఎవరూ అడగలేదు.

*

నేను గ్రంథం వ్రాసుకుంటున్న రోజుల్లోనే, 2007లో, కార్ల్స్‌రూహె బృందం నుంచి ఇంకో వ్యాసం వచ్చింది. చదరపు సెంటీమీటరుకు కొన్ని మిలియన్ల చొప్పున, జంటకు ఒక్కొక్క నాళిక చొప్పున అమర్చి చూపించారు. అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఒక నాళిక వచ్చి వారధి కట్టగానే అక్కడి క్షేత్రం రూపు మారిపోతుంది. ఆ తరువాత వచ్చేవాటికి అక్కడ లాగుడు ఉండదు. ఒకటి చేరితే ఆ చోటు తనంతట తానే మూసుకుంటుంది. పైనుంచి ఎవరూ లెక్కపెట్టి ఆపనక్కరలేదు. నా పలక మీద కూడా ఇది జరగవలసిందే. కానీ నా నీళ్ళలో ఒక్కొక్కటిగా తిరిగే నాళికలే తక్కువ. మొదటి అతిథే గుంపుగా వస్తే తలుపు మూసుకుని ఏం లాభం?

లోహాలను, అర్ధవాహకాలను ముందే వేరుచేసే మార్గాలు కూడా వచ్చాయి. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2006లో సాంద్రత తేడాలతో అపకేంద్రయంత్రంలోనే పొరలు పొరలుగా విడదీశారు. అలా విడదీసిన అర్ధవాహకాలను క్షేత్రంతో అమర్చడం ఆ తరువాత సాధ్యమైంది.

అయినా కంప్యూటర్ల దాకా వెళ్ళిన నాళికలు వేరే దారుల్లో వెళ్ళాయి. 2012లో ఐ.బి.ఎం. వాళ్ళు పది వేలకు పైగా ట్రాన్సిస్టర్లను ఒక పలక మీద అమర్చింది రసాయనిక బంధాల సాయంతో. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో 178 ట్రాన్సిస్టర్లతో చేసిన తొలి నానోనాళికా కంప్యూటరులో నాళికలు క్వార్ట్జ్ మీద వరుసగా పెరిగినవి. 2019లో ఎం.ఐ.టి. వాళ్ళు 14 వేలకు పైగా ట్రాన్సిస్టర్లతో 16 బిట్ల ప్రాసెసరు చేశారు. అక్కడ పలకను నాళికల ద్రావణంలో ముంచి తీశారు. కొద్దిపాటి జంటలు చాలే చోట, వాయువులను, జీవాణువులను పసిగట్టే సంవేదకాల్లో, క్షేత్రంతో అమర్చడం ఇప్పటికీ సులువైన పని. వేడి అక్కరలేదు, పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక చుక్క, ఒక సిగ్నల్ జనరేటరు, ఓపిక.

నేను ఆ రంగంలో ఇప్పుడు లేను. బొమ్మ ఒకటి ఎక్కడో పాత సీడీలో ఉండాలి, వెతికితే దొరకలేదు. పట్టిక ఉన్న నోటుపుస్తకం మాత్రం దొరికింది. మొదటి పేజీల్లో ఒక్క అంకె లేదు, అన్నీ ఆశ్చర్యార్థకాలే. తరువాతి పేజీల్లో ఆశ్చర్యార్థకాలు లేవు.

మీలో ఎవరికైనా ఇంట్లో పిల్లలకు ఇది చూపించాలనిపిస్తే ఆముదం, రవ్వల జోలికి పోకండి. దానికి వేల వోల్టులు కావాలి, ఇంట్లో చేసే పని కాదు. దువ్వెన, చిన్న కాగితపు ముక్కలు చాలు. సరిగ్గా యాభై ముక్కలు చింపి పెట్టండి. ఎన్ని ఎగిరి అంటుకున్నాయో పిల్లలే చెప్తారు. బల్ల మీద ఎన్ని మిగిలాయో కూడా వాళ్ళ చేతే లెక్కపెట్టించి, అడిగి వ్రాయించండి. మా ఇంట్లో నిన్న పొద్దున 19 మిగిలాయి. తడి గాలి అనుకుంటాను.